రెండు ఎడమ చేతుల పుస్తకం

ఆ వేసవిలో నా కుడిచేతి ఉంగరం వేలు నా మాట వినడం మానేసింది. పొద్దున లేచేసరికి అరచేతిలోకి ముడుచుకుని పడుకుని ఉండేది. ఎడమ చేత్తో పట్టుకుని లాగితే మొండి తలుపు గడియలా టక్కుమని విచ్చుకునేది. కొన్నాళ్ళకి మధ్యవేలు కూడా దానికి తోడయింది. ఆ తర్వాత లాగినా రెండూ పూర్తిగా చాచుకోవడం మానేశాయి.

నాది బైండింగ్ పని. మా ప్రెస్సులో వేసవంటే బడి పుస్తకాల సీజన్. సన్న పుస్తకాలకి పిన్నులు కొట్టే మిషనుంది. లావు పుస్తకాలు దాని నోట్లో పట్టవు, వాటిని చేత్తోనే కుట్టాలి. పదహారు పేజీల మడతని మేం ఫారం అంటాం. ఫారాలన్నీ వరసగా పేర్చి, అంచులు తట్టి సమం చేసి, మడత మధ్యలోంచి సూది దించి, పై ఫారాన్ని కింద ఫారంతో ముడేసుకుంటూ పోవాలి. కుట్టు బల్ల దగ్గర కిటికీ పక్కనున్న మొదటి కుర్చీ నాది. ఆ కుర్చీలో కూచున్న మనిషే మిగతావాళ్ళ పని కూడా చూస్తుంది. దానికోసం నేను ఎన్ని సీజన్లు తల వంచుకుని కుట్టానో నా మెడనడిగితే చెబుతుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, "వేళ్ళని లాగే తాడులాంటిది ఒకటుంటుంది. అది జారే గొట్టం వాచి ఇరుకైపోయింది. చిన్న ఆపరేషన్. ఇప్పుడు చేయించుకుని చేతికి విశ్రాంతిస్తే చాలామటుకు వస్తుంది. ఇలాగే కుడుతూ పోతే వేళ్ళు ఇలాగే బిగుసుకుపోతాయి, అప్పుడు నా దగ్గరికొచ్చినా లాభం లేదు," అంది.

"సీజన్ అయిపోగానే వస్తానండి."

"సీజన్ మీది, వేళ్ళూ మీవే," అని ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

సీజన్ మధ్యలో కుర్చీ వదిలినవాళ్ళకి మా ప్రెస్సులో ఆ కుర్చీ మళ్ళీ దొరకదు. మా మేనేజరు అది చేసి చూపించాడు కూడా. సన్నగా, నిటారుగా, ఎటూ వంగని మనిషి. వెనకాల మేమంతా రూళ్ళకర్ర అంటాం. అందుకని నేను ఒకటే నిశ్చయించుకున్నాను. బడులు తెరిచేదాకా పళ్ళ బిగువున కుడతాను, ఈ వేళ్ళ సంగతి నోరు జారి కూడా ఎవరికీ చెప్పను. మా ఆయనకి తెలిస్తే ఆ రోజే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోతాడు. అత్తయ్యకి తెలిస్తే ఆ మాట ఇక వీధి చివరిదాకా వెళ్ళినట్టే.

నాకు ముక్కుమీదే కోపం. ఆ వేసవిలో అది ఇంకా ముందుకి జరిగింది. పగలంతా నొప్పి మింగుకుంటూ కుట్టి ఇంటికొస్తే, నా పిల్లలిద్దరూ మహారాజుల్లా కూచుని ఉండేవాళ్ళు. పెద్దది ఐదో తరగతి అయిపోయి ఆరులోకి వస్తోంది. బుడ్డోడు రెండులోకి. ఒకరోజు అత్తయ్య మోకాళ్ళ నొప్పితో స్టవ్ దగ్గర నిలబడి వండి, కంచాలు తెచ్చి ముందు పెట్టింది. పెద్దది తన దాంట్లోకి తొంగి చూసి, "మళ్ళీ బంగాళాదుంపేనా," అని కంచం పక్కకి తోసింది. అక్క తోసింది కాబట్టి వాడూ తోశాడు.

"నానమ్మకి థ్యాంక్స్ చెప్పి తినండి," అన్నాను పళ్ళు కొరుకుతూ.

"థ్యాంక్స్," అంది పెద్దది, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

అది నానమ్మకి చెప్పిందో టీవీకి చెప్పిందో తెలియలేదు. తోసేసిన కంచాల్లో ఒకటి తీసుకుని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి, తన అన్నం అందులోనే కలుపుకుని తింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామని నోరు తెరిచి కూడా మూసుకున్నాను. అరిస్తే ఆ పూటకి తింటారు, రేపు మళ్ళీ తోస్తారు. వీళ్ళకి నోటితో చెబితే ఎక్కదు, చేతులతో నేర్పాలి అనుకున్నాను.

మా ప్రెస్సులో ఒక పద్ధతుంది. చేత్తో కుట్టిన ప్రతి పుస్తకంలో, చివరి ఫారం మడత లోపల, కుట్టిన మనిషి పెన్సిలుతో తన గుర్తు పెట్టాలి. కుట్టు ఊడితే ఎవరిదో తెలియడానికి పెట్టిన రూలు. నాది చిన్న సున్నా, మధ్యలో చుక్క. చదువుకునే పిల్లలెవరూ దాన్ని చూడరు. మడతని బాగా తెరిచి వెతికితే తప్ప కనిపించదు.

మర్నాడు కటింగ్ మిషను దగ్గర పారేసే అట్ట ముక్కలు ఒక సంచీడు అడిగి తెచ్చుకున్నాను. పిల్లలిద్దర్నీ నేల మీద కూచోబెట్టి పెన్సిలు, కత్తెర ముందు పెట్టాను.

"ఈ సెలవుల్లో మీరో పుస్తకం చెయ్యాలి. ప్రతిరోజూ మీకు ఎవరు ఏ పని చేసిపెట్టారో చూడండి. వాళ్ళ దగ్గరికెళ్ళి చేతులడగండి. అట్ట మీద పెట్టించి చుట్టూ గీత గీసి కత్తిరించండి. ఈ చెయ్యి ఇవాళ ఏం చేసిందని వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పింది దానిమీద రాయండి. అబద్ధం రాయకూడదు. రాసింతర్వాత ఆ చేతిని మీ రెండు చేతులతో పట్టుకుని అప్పుడు థ్యాంక్స్ చెప్పాలి. సెలవులు అయ్యేలోపు చేతులన్నీ పేజీలకి అంటించి కుట్టడం నేను నేర్పుతాను."

"చెయ్యకపోతే?" అంది పెద్దది.

"చెయ్యకపోతే టీవీ వైరు నా సంచీలో ప్రెస్సుకొస్తుంది."

అది నన్ను ఎగాదిగా చూసింది. నేను తమాషాకి అనడం లేదని దానికి అర్థమైంది.

మొదటి చేతులు అత్తయ్యవి. "నా చేతులతో ఏం పనే మీకు, ముడతలు తప్ప ఏమున్నాయి," అంటూనే చీర కొంగుకి తుడుచుకుని వచ్చి కూచుంది. బుడ్డోడు నాలుక బయటపెట్టి గీత గీస్తుంటే చక్కిలిగిలి పుట్టి చిన్నపిల్లలా నవ్వింది.

"ఇవాళ నీ చెయ్యి ఏం చేసింది నానమ్మా?" అని పెద్దది గడగడా అడిగేసింది, పని అయిపోతే చాలన్నట్టు.

అత్తయ్య ఆలోచించి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. పాలు కాచింది. పక్కలు మడిచింది. బుడ్డోడి చొక్కాకి గుండీ కుట్టింది. కూర తరిగింది, మాడితే గిన్నె తోమింది. ఇంకా ఉందంటూ చెబుతూనే ఉంది. పెద్దది రాస్తూ రాస్తూ, "అట్ట మీద చోటు అయిపోయింది నానమ్మా," అంది. దాని గొంతు కాస్త మెత్తబడింది. చివర చెయ్యి పట్టుకుని చెప్పాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ సిగ్గుపడి మెలికలు తిరిగిపోయారు. ఆ రాత్రి కంచాలు తోయలేదు. బంగాళాదుంపలు ఇష్టంగా తిన్నారని కూడా అనను, తిన్నారు అంతే.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన చేతులకి గ్రీజు వదలదు, గీత అవసరం లేకుండానే అట్ట మీద అచ్చు పడింది. "లిఫ్టు నడిచినన్నాళ్ళు నేనున్నానని ఎవడికీ తెలీదు. ఆగితే మాత్రం మా తాతల దాకా తిట్లు," అని నవ్వాడు. కూతురు పెన్సిలు పట్టుకుని ఇవాళ ఏం చేశావని అడిగేసరికి మాత్రం నవ్వు ఆపి, చేసినవన్నీ వరసగా చెప్పాడు. తర్వాత నాతో, "నన్నెవరూ ఈ మాట అడగలేదే," అన్నాడు.

బుడ్డోడు ఒకరోజు పొద్దున్నే చెత్తబండి వెనకాల పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చెత్త తీసుకెళ్ళే ఆవిడ బండి ఆపి, "నా చెయ్యా? నీకెందుకు బాబూ?" అంది.

"పుస్తకంలో పెడతాం. నువ్వు వాన వచ్చినా వస్తావా?"

"వస్తాను."

"వానలో ఏం చేస్తావు?"

"ఇదే చేస్తాను. తడిస్తే సంచులు బరువెక్కుతాయి, అంతే."

ఆవిడ చేతి తొడుగులు తీసి, పంపు కింద కడుక్కుని, మా మెట్టు మీద అట్ట పెట్టి రెండు చేతులూ గీయించుకుంది. మర్నాటి నుంచి వాడు నీళ్ళు కారే చెత్త సంచీలో వెయ్యనివ్వలేదు. "బరువెక్కుతుంది, వంచి వెయ్యండి," అని అందరికీ పెత్తనం చెయ్యడం మొదలుపెట్టాడు. వీడి పెత్తనంతో మా తల ప్రాణం తోకకొచ్చిందిగానీ, లోపల నాకు మహా సంతోషంగా ఉండేది.

చెప్పుల డబ్బాలో చేతులు పెరుగుతున్నాయి. అక్కడిదాకా బాగానే ఉంది. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఒక సాయంత్రం తెలిసింది.

"అమ్మా, ఇవాళ నీ చేతులు," అంది పెద్దది.

నవ్వు మొహం పెట్టి ఎడమ చెయ్యి ముందుకి పెట్టాను. దాని చిటికెన వేలు కొస ఉండదు. పనిలో చేరిన కొత్తల్లో కటింగ్ మిషను దగ్గర పోయింది. బుడ్డోడికి ఆ పొట్టి వేలంటే మహా ఇష్టం, దాని చుట్టూ రెండుసార్లు గీశాడు.

"ఇప్పుడు కుడిది."

"స్టవ్ మీద పాలున్నాయి. అట్ట ఇలా ఇవ్వండి, నేనే గీసుకుని తెస్తాను."

వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద అట్ట పెట్టి, ఎడమ చేతినే వెల్లకిలా తిప్పి పెట్టాను. అలా గీస్తే అచ్చం కుడిచెయ్యిలాగే వస్తుంది. గబగబా గీసి, నేనే కత్తిరించి, తీసుకెళ్ళి ఇచ్చాను. "పుస్తకాలు కుట్టింది," అని చెప్పాను. పెద్దది రాసుకుంది. ఆ తొందరలో చిటికెన వేలి సంగతి నాకు గుర్తే లేదు.

ప్రెస్సులో పని ముదిరింది. ముడి లాగేటప్పుడు వేలు పట్టు తప్పి దారం వదులైపోయేది, విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. భోజనాల వేళ అందరూ లేచాక నా గుట్టలో వెనకబడ్డవి కుట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి చెయ్యి కొంగులో చుట్టుకుని కూచునేదాన్ని. ఇంకాస్త, ఇంకాస్త అని నాకు నేనే చెప్పుకుంటూ గడిపాను.

ఒక ఆదివారం పొద్దున పిల్లలకి పేజీలు సమం చెయ్యడం నేర్పించాను. "ఏ రెండు కాగితాలు పట్టుకున్నా ముందు ఒకదానిమీద ఒకటి పెట్టి అంచులు కలిశాయో లేదో చూడాలి. కలవకపోతే పుస్తకం వంకర. కళ్ళతో చూసి సరేననుకోకండి, వేలితో తడిమి చూడండి," అన్నాను. నేర్పితే అంత శ్రద్ధగా నేర్చుకుంటుందని నాకేం తెలుసు. పెద్దది డబ్బాలో చేతులన్నీ కింద పోసి ఎవరి జత వాళ్ళది కలపడం మొదలుపెట్టింది.

"నాన్న కుడిచెయ్యి ఎడమదానికన్నా లావు," అంది. "నానమ్మ బొటనవేళ్ళు కూడా కలవట్లేదు. ఎవరి రెండు చేతులూ ఒకలా ఉండవా అమ్మా?"

"ఉండవు," అన్నాను, కూర తరుగుతూ.

తలెత్తి చూశాను. నా రెండు చేతుల అట్టలు ఒకదానిమీద ఒకటి పెట్టి పట్టుకుని ఉంది. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. రెండింటికీ చిటికెన వేలు పొట్టిదే. అది వేలితో ఆ అంచు చుట్టూ తడిమింది. తర్వాత నా మొహం చూసింది. నేను కూరలోకి తల దించుకున్నాను. అది చేతులన్నీ తిరిగి డబ్బాలో పెట్టేసింది.

మధ్యాహ్నం తిన్నాక అలిసిపోయి చాప మీద ఒరిగాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. చేతి పక్కన ఏదో గీరుకుంటున్నట్టు మెలకువ వచ్చింది. పెద్దది నా పక్కన బోర్లా పడుకుని, నా కుడిచేతి కింద అట్ట దూర్చి, పెన్సిలుతో చుట్టూ గీస్తోంది.

"కదలకు. గీత వంకరపోతుంది," అంది.

కదల్లేదు. అది బొటనవేలు చుట్టూ గీసింది, చూపుడువేలు చుట్టూ గీసింది. ముడుచుకున్న రెండు వేళ్ళ దగ్గరికొచ్చి ఆగింది.

"వేళ్ళు చాపు అమ్మా."

"చాపాను."

"ఇంతేనా?"

"ఇంతే."

అది లేచి కూచుంది. "నొప్పా?"

"అప్పుడప్పుడు."

"ఎప్పుడప్పుడు?"

అబద్ధం రాయకూడదని చెప్పింది నేనే. "ఎప్పుడూ," అన్నాను.

గుమ్మం దగ్గర అలికిడయింది. అత్తయ్య నిలబడి ఉంది, ఎంతసేపట్నుంచో తెలియదు. వచ్చి నా పక్కన మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూచుంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు తీయబోయింది. నేను అబ్బా అన్నాను.

"డాక్టరుకి చూపించావా?"

ఆవిడ చూపు తిప్పలేదు. డాక్టరమ్మ అన్నదంతా చెప్పేశాను. సీజన్ అయ్యాక చేయించుకుంటానని కూడా చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఈ చేత్తో గిన్నెలు కూడా తోమావు కదే అమ్మాయ్," అంది.

"కుర్చీ పోతుంది అత్తయ్యా."

"పోతే పోతుంది. నేనేం పెద్ద చదువుకున్నదాన్ని కాదు, నాకు తెలిసింది చెబుతున్నాను. పిల్లలకి చేతుల విలువ నేర్పుతానని కూచోబెట్టావు. వాళ్ళ చేతిలో ఎడమ చెయ్యినే రెండుసార్లు గీసి పెట్టావు. నువ్వు పడుకున్నాక పెద్దది ఆ అట్టలు నాకు చూపించింది. ఏం నేర్చుకోవాలి వాళ్ళు?"

నాకు కోపమొచ్చింది. మీకేం తెలుసు, ఆ కిటికీ పక్కకి రావడానికి నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు అని నోటిదాకా వచ్చింది. ఆవిడ ఒళ్ళో నా చెయ్యి ఇంకా అలాగే ఉంది, ముడుచుకుని. ఆ మాట అనలేకపోయాను. ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

సాయంత్రం మా ఆయన వచ్చి విని, అనుకున్నట్టే మండిపడ్డాడు. "రేపు నేనే వచ్చి ఆ రూళ్ళకర్రతో మాట్లాడతా."

"మీరు రావద్దు. నా పని, నేనే చెబుతాను," అన్నాను. కుట్టడానికి ఎంత మొండిగా ఉన్నానో, ఆ రోజు నుంచి మానడానికీ అంతే మొండిగా ఉన్నాను. నాకు రెండో రకం బుద్ధి లేదు.

మర్నాడు మేనేజరు బల్ల మీద నా కుడిచెయ్యి పెట్టాను. "ఆపరేషన్ చేయించుకోవాలండి," అన్నాను. ఆయన కాసేపు దాన్నే చూశాడు.

"సీజన్ మధ్యలోనా?"

"సీజన్ మధ్యలోనేనండి."

"కుర్చీ ఖాళీగా ఉంచలేనమ్మా. నా మీదా పైవాళ్ళున్నారు."

"ఉంచమనలేదు. చివర కూచునే కొత్తమ్మాయిని నా కుర్చీలో కూచోబెట్టండి. ఆపరేషన్ దాకా పక్కన నిలబడి నేర్పుతాను. సూది మాత్రం ముట్టను."

"తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

"చూద్దాం అంటే ఏంటండీ?"

"చూద్దాం అంటే చూద్దామనే," అన్నాడు.

కొత్తమ్మాయి నా కుర్చీ అంచున కూచుని, ముళ్ళ మీద కూచున్నట్టు కదిలేది. ముడి వదులుగా వేస్తే "విప్పు" అనేదాన్ని. మరీ బిగించి కాగితం చించితే "దానిమీద నీకేం పగ?" అనేదాన్ని. నా చేతులు ఊరుకునేవి కావు, వెనక్కి పెట్టి కొంగుతో కట్టేసుకున్నంత పని చేశాను. "అక్కా, నేను మీ కుర్చీ లాక్కున్నట్టుందా?" అని ఒకసారి భయంభయంగా అడిగింది. "నువ్వు లాక్కునేదానివైతే ముడి ఇంత వదులుగా వేస్తావా," అన్నాను. అది నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. చివరి రోజు తన గుర్తుగా ఏం పెట్టుకోవాలని అడిగితే, నీ ఇష్టం అన్నాను. మూడు చుక్కలు పెట్టుకుంది.

ఆపరేషన్ చిన్నదే. కట్టుతో ఇంటికొచ్చాను. ఆ తర్వాత ఇల్లంతా నన్ను దాటుకుని నడిచింది. మా ఆయన కూతురికి వేసిన జడ ఒక చెవి మీంచి మొదలై ఇంకో భుజం మీదకి దిగేది, అది అలాగే వీధిలోకి వెళ్ళి ఆడుకుని వచ్చేది. బుడ్డోడు గ్లాసులు కడిగి నేలంతా తడిపేవాడు. అత్తయ్య స్టూలు మీద కూచుని కూర తరిగి, పొయ్యి దగ్గరికి పెద్దదాన్ని పంపేది. నేను కూచుని చూడటం తప్ప ఏమీ చెయ్యకూడదు. నాకది కుట్టుపని కన్నా కష్టంగా ఉండేది.

పుస్తకం మాత్రం ఆపలేదు. చేతులన్నీ పేజీలకి అంటించారు. నా ఎడమ చెయ్యి ఒకటే అంటించారు. దొంగ కుడిచేతిని పెద్దది చించి చెత్తలో వేసింది. "అమ్మా, దారానికి మైనం రాశాను, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగితే నోటితో చెప్పాను. కుట్లు ఎగుడుదిగుడుగా పడ్డాయి. ఒకచోట సూది గుచ్చుకుని రక్తం చుక్క కాగితం మీద పడింది. విప్పమని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. చివరి పేజీ ఖాళీగా వదిలేసి ముడేసింది.

"ఆ పేజీ ఎవరికి?" అన్నాను.

"కట్టు విప్పాక చెబుతా."

కట్టు విప్పిన వారంలో ప్రెస్సు నుంచి కబురొచ్చింది. మొదటి కుర్చీ కొత్తమ్మాయికే ఖాయం చేశారట. నేను వస్తే పేజీల వరస సరిచూసే బల్ల దగ్గర పనుందట. లోపల కలుక్కుమంది. స్నానాల గదిలోకి వెళ్ళి పంపు విప్పి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చాను. వరస సరిచూసే బల్ల దగ్గర కూడా కిటికీ ఉంది. అక్కడ మొదలుపెడతాను, కుట్టు బల్ల ఎక్కడికీ పోదు అని గట్టిగా అనుకున్నాను.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం మా ఆయన కొత్త పుస్తకాలు తెచ్చాడు. కుట్టడం నేర్పేటప్పుడు నేను చెప్పిన పెన్సిలు గుర్తు కోసం బుడ్డోడు తన పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచి, మడతల్లోకి కన్ను పెట్టి చూసి, "నా వాటికి పిన్నులున్నాయి. మనిషి లేడు," అని మొహం ముడుచుకున్నాడు.

"పిన్నులు కొట్టే మిషను దగ్గర కూడా ఒక మనిషి నిలబడతాడురా. వేలు మధ్యలో పెట్టకుండా చూసుకుంటూ నిలబడతాడు," అన్నాను.

వాడు అక్క లావు లెక్కల పుస్తకం లాక్కుని, చివరి మడత విప్పి పెట్టాడు. "ఉంది. ఇది నీ సున్నా కాదు. మూడు చుక్కలు."

పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. వీపు మీద బొటనవేలితో రుద్ది చూశాను. మడత మధ్యలో కుట్టు చూశాను. దారం ఎక్కడా వదులు లేదు, ముళ్ళు కనిపించకుండా లోపలికి పోయాయి. వంక పెడదామని చూశాను. దొరకలేదు.

"బాగా కుట్టింది," అన్నాను.

"ఎవరు?"

"నా కుర్చీలో కూచున్న అక్క."

వాడు మా చేతుల పుస్తకం తెచ్చి పేజీలన్నీ తిప్పాడు. "ఆ అక్క చెయ్యి మన దగ్గర లేదు. అడగాలి కదా. నీ రూలే."

అత్తయ్య వంటింట్లోంచి నన్నే చూస్తోంది. "పనిలోకెళ్ళిన మొదటి రోజే అట్ట ముక్క పట్టుకెళ్తాను. గీసుకొస్తాను," అన్నాను. అనేశాక నిజంగానే వెళ్ళాలనిపించింది.

పెద్దది వాడి చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఖాళీ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "ఇప్పుడు పెట్టు."

కుడిచెయ్యి పేజీ మీద పెట్టాను. మధ్యవేలు పూర్తిగా ఆనింది. ఉంగరం వేలు కొస ఇంకా కాస్త పైకే ఉంది, దాని కింద కాగితం తెల్లగా కనిపిస్తోంది. నేను నొక్కబోయాను.

"నొక్కకు. ఎంత వస్తే అంతే పెట్టు," అని అది పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఎత్తుగా ఉన్న చోట నెమ్మదిగా, నిద్రపోతున్న చేతి చుట్టూ గీసినంత జాగ్రత్తగా గీసింది. తర్వాత పెన్సిలు తిప్పి పట్టుకుంది. "ఈ చెయ్యి ఇవాళ ఏం చేసింది?"

ఆలోచించాను. పొద్దున్నుంచి నీళ్ళ గ్లాసు కూడా ఎడమ చేత్తోనే ఎత్తాను. "ఏమీ చెయ్యలేదే. డాక్టరమ్మ ఇంకా ఏ పనీ చెప్పొద్దంది."

"నిజంగా ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదు. కావాలంటే నిన్నటిది రాయి. నిన్న కూడా ఏమీ లేదు."

అది రాసింది. "అమ్మ కుడిచెయ్యి. ఇవాళ ఏమీ చెయ్యలేదు." చుక్క పెట్టింది.

బుడ్డోడు ఆ వాక్యం కూడబలుక్కుని చదివి అక్క వైపు తిరిగాడు. "ఏమీ చెయ్యకపోయినా థ్యాంక్స్ చెప్పాలా?"

పెద్దది పెన్సిలు పక్కన పెట్టి, నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వంగిన వేలి మీద బరువు పడకుండా చూసుకుని పట్టుకుంది. వాడు కాసేపు చూసి, వచ్చి, మిగిలిన చోట పట్టుకున్నాడు.